నీ వేలు చూపు, నా కార్డు అడగకు!

"ఎవరూ?"

"కరెంట్!"

అంతే. పేరు లేదు, ఊరు లేదు, హోదా లేదు. కరెంటుకే కాళ్లు మొలిచి కొత్తచెరువు వీధుల్లోకి నడిచొచ్చినట్టు! మనమేం చేస్తాం? గడియ తీస్తాం. ఇంకోనాడు "గ్యాస్ చెకింగ్!" అని కేక. తీస్తాం. మరోనాడు "కుళాయి సర్వే!" అదీ తీస్తాం. చేతిలో ఓ మిషన్, భుజాన ఓ సంచి, ముఖాన కాస్త విసుగు. ఈ మూడుంటే చాలు, ఎవరి వంటింట్లోకైనా దర్జాగా వెళ్లొచ్చు. విసుగు మాత్రం తప్పనిసరి. నవ్వుతూ వినయంగా వచ్చినవాడినే మనం అనుమానిస్తాం. ఆఫీసు తరఫున వచ్చినవాడు నవ్వడమేంటని!

ఇక అదే గడప లోపలున్న మనిషి సంగతి చూడండి. రేషన్ బియ్యానికి వేలు పెట్టాలి. పింఛనుకు వేలు పెట్టాలి. జీవితమంతా వేరుశనక్కాయలు పీకీ పీకీ వేలిగీతలు అరిగిపోయిన అవ్వను "నువ్వు నువ్వు కాదు, పో" అంటుంది మిషన్. గ్యాస్ బండకు ఈకేవైసీ. బండ గుమ్మం దాకా వచ్చాక ఫోనులోని నంబరు అప్పజెప్పాలి. ఉపాధి పనికి పోతే రోజుకు రెండుసార్లు ఫొటో. 2023 జనవరి 1 నుంచి అది తప్పనిసరి చేశారు. దేనికి? మిట్టమధ్యాహ్నం గుంత తవ్వడానికి. గుంతను ఎవరైనా ఎత్తుకుపోతారని భయమా సామీ?

ఆ ఉపాధి హామీ మొదలైంది ఈ గడ్డ మీదే. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ నార్పల మండలం బండ్లపల్లికి వచ్చి ప్రారంభించారు. అప్పటి నుంచీ ఈ కరువు సీమ కూలీ ఫొటో అంటించిన కార్డు పట్టుకుని, నేనే నేనని రుజువు చేసుకుంటూనే ఉన్నాడు. తప్పులేదు. దొంగ హాజర్లు ఆపాల్సిందే. మరి మన ఇంట్లోకి వచ్చేవాడు ఎవరో రుజువు చేసేదెవరు? పార పట్టినవాడికి పూటకో ఫొటో. పానా పట్టుకుని పడకగది పక్క దాకా వచ్చేవాడికి మొత్తానికే అక్కర్లేదా?

చట్టంలో మర్యాదకు లోటు లేదు. 2003 విద్యుత్ చట్టం 163వ సెక్షన్ చదవండి. అధికారం పొందిన మనిషే రావాలి. తగిన వేళలోనే రావాలి. ఎందుకొచ్చాడో ఇంటివారికి చెప్పి మరీ లోపలికి రావాలి. మనం రానివ్వలేదనుకోండి, రాసిచ్చిన నోటీసుకు 24 గంటలు గడవనిదే కరెంటు తీయకూడదు. బిల్లు బాకీ ఉంటే 56వ సెక్షన్ ప్రకారం పూర్తిగా 15 రోజుల నోటీసు. ఆహా! కాగితం మీద మనం మహారాజులం. వీధిలో? "కట్టలేదా? పీకేస్తా." నోటీసు, వాయిదా, తీర్పు, అన్నీ ఆ రెండు మాటల్లోనే.

ఆ చట్టంలోనే ఇంకో ముచ్చట. 135వ సెక్షన్ కింద పొద్దుగూకాక ఇల్లు సోదా చేయాలంటే ఆ ఇంట్లో ఉండే వయసొచ్చిన మగవాడి ఎదుటే చేయాలట. మగవాడు యాడున్నాడప్పా? ఈ పక్క సగం మంది బెంగళూరులో కూలికి, కాపలాకు పోయారు. ఇంట్లో ఉన్నది ఆడవాళ్లు, ముసలివాళ్లు. వాళ్లకు ఏ సెక్షనూ గుర్తుండదు. గుర్తుండేది ఒక్కటే. కరెంటాయనతో పెట్టుకుంటే కరెంటు పోతుంది.

దొంగకు కావాల్సిందీ ఆ భయమే. 2022లో దేశమంతా ఒక మెసేజ్ తిరిగింది, గుర్తుందా? పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్, వెంటనే ఈ అధికారికి ఫోన్ చేయండి. చదువుకున్నవాళ్లే చేశారు. ఖాతాలు ఊడ్చిపెట్టుకుపోయాయి. ఎందుకు నమ్మారు? మూర్ఖులా? కానే కాదు. అసలు ఆఫీసు కూడా అచ్చం అలాగే మాట్లాడుతుంది కాబట్టి! 15 రోజుల నోటీసు నిజంగా అందుతున్న ఊరిలో "ఈ రాత్రే కట్" అంటే జనం నవ్వి ఊరుకునేవారు.

గ్యాస్ సంగతీ ఇంతే. తనిఖీ అనేది నిజంగానే ఉంది, అదే దొంగకు వరం. ఇద్దరు కుర్రాళ్లొస్తారు. స్టవ్ తిప్పుతారు, ట్యూబు వాసన చూస్తారు, "అమ్మో, పేలిపోతుందక్కా" అంటారు. కొత్త ట్యూబు అంటగట్టి డబ్బులు తీసుకుని పోతారు. వాళ్లు ఏజెన్సీ వాళ్లా, దారినపోయే దానయ్యలా? లీకేజీకి 1906 ఉంది. కరెంటుకు 1912 ఉంది. బాగుంది. "మా గుమ్మం ముందు నిలబడ్డ ఈయప్ప మీవాడేనా?" అని అడిగితే ఆ రెండు నంబర్లలో ఏది అక్కడికక్కడ జవాబు చెబుతుంది?

పోలీసులు మాత్రం సలహాకు ముందుంటారు. గుర్తింపు కార్డు చూడండి, అపరిచితుల్ని రానివ్వకండి. చూస్తాం సార్. కార్డు చూపిస్తాడు. రంగుల ఫొటో, ముద్ర, ప్లాస్టిక్ పూత. బస్టాండు పక్క జిరాక్స్ షాపులో టీ చల్లారేలోపు అంతకంటే అందమైన కార్డు చేసిస్తారు. దాన్ని దేనితో పోల్చుకోవాలి? ఊరెళ్లేవాళ్ల కోసం ఏపీ పోలీసులు ఎల్‌హెచ్ఎంఎస్ పెట్టారు. తాళమేసిన ఇంటికి కెమెరా కాపలా. మరి తలుపు తీసిన ఇంటికి?

ఇక్కడ ఒక మాట. తలుపు కొట్టే ఆ కుర్రాడి మీద కాదు నా కోపం. మీటరు రీడింగు తీసేవాడు డిస్కం ఉద్యోగి కాదు, ఏజెన్సీ మనిషి. మీటరుకు ఇంత అని లెక్క. కుక్క కరిచినా, ఎండదెబ్బ తగిలినా తన ఖర్మ. వందల గ్రామాల దాహం తీర్చిన సత్యసాయి తాగునీటి పథకం కార్మికులు జీతాల బకాయిల కోసం సమ్మెలకు దిగిన సంగతి ఈ సీమలో ఎవరికి తెలియదు? నెల జీతమే సరిగా ఇవ్వని కాంట్రాక్టరు కార్డిస్తాడా, యూనిఫాం ఇస్తాడా? అడిగితే కాంట్రాక్టరు ఆఫీసును చూపిస్తాడు. ఆఫీసు కాంట్రాక్టరును చూపిస్తుంది. పని మాత్రం ప్రభుత్వానిది, బిల్లు మాత్రం మనది, మనిషి మాత్రం ఎవరివాడూ కాదు! 2014 దాకా మన కరెంటుకు పెద్దాఫీసు హైదరాబాదు. తర్వాత తిరుపతి. 2022 ఏప్రిల్ 4న జిల్లాయే మారిపోయింది. ఇన్ని బోర్డులు మార్చినవాళ్లకు కుర్రాడి మెడలో ఒక కార్డు వేయడానికి తీరిక దొరకలేదు.

స్మార్ట్ మీటర్ల కథ ఇంకా రంజు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు నారా లోకేశ్, ఆ మీటర్లు బిగిస్తే పగలగొట్టండని పిలుపునిచ్చారు. అధికారం వచ్చింది. మీటర్లూ వచ్చాయి. వామపక్షాలు రోడ్డెక్కాక, వినియోగదారు అనుమతి లేనిదే బిగించబోమని మంత్రి గొట్టిపాటి రవికుమార్ చెప్పారు. అనుమతి! అడిగేవాడెవడో తెలిస్తేగా ఇవ్వడానికి? మీటరు స్మార్టే. బిగించేవాడి పేరు మాత్రం పరమ రహస్యం.

2025 జులై 10న ముఖ్యమంత్రి, లోకేశ్ ఇద్దరూ కొత్తచెరువు జడ్పీ హైస్కూలుకు మెగా పీటీఎం అనే తల్లిదండ్రులు, టీచర్ల సమావేశానికి వచ్చారు. సంతోషం. ఆ రోజు ఎవరో ఒకరు సంచి భుజాన వేసుకుని "కరెంట్!" అని కేకేస్తూ వేదిక మీదికి నడిచి ఉంటే ఏమయ్యేది? కార్డు అడిగేవారా, కాలర్ పట్టుకునేవారా? మీ ప్రాణం ప్రాణం, మా అవ్వ మెడలో గొలుసు గొలుసు కాదా?

వలంటీర్ల రోజుల్లో 50 ఇళ్లకు ఒకరుండేవారు. వాళ్ల మీద వంద ఫిర్యాదులుండొచ్చు, కానీ ముఖం ఎరుగుదుం. వాళ్లు మన వివరాలు ఎత్తుకుపోతున్నారని 2023లో పవన్ కల్యాణ్ రాష్ట్రమంతా హోరెత్తించారు. ముఖం తెలిసినవాడి మీద అంత అనుమానం వచ్చిన నాయకుడికి, ముఖమే తెలియనివాడి మీద ఒక్క సందేహమైనా రాలేదేం?

బ్రిటన్‌లో ముసలివాళ్లు, ఒంటరివాళ్లు తమ కరెంటు, గ్యాస్ కంపెనీతో ముందే ఒక రహస్యపు మాట అనుకోవచ్చు. కంపెనీ మనిషి గుమ్మంలో ఆ మాట చెప్పాలి. చెప్పలేకపోతే తలుపు తీయక్కర్లేదు. ఓటీపీ లాంటిదే. కాకపోతే చెప్పాల్సింది వచ్చినవాడు! మన దగ్గర తలకిందులు. వచ్చినవాడు అడుగుతాడు, ఇంటివాడు చెబుతాడు. ఇదేమీ రాకెట్ ప్రయోగం కాదు. ఫిక్స్‌డ్ చార్జీ, ట్రూఅప్, సుంకం, సర్దుబాటు అంటూ ఇన్ని వరుసలు పట్టిన బిల్లులో "వచ్చే నెల మీ వీధికి వచ్చేది ఫలానా మనిషి" అని ఇంకో వరుస పట్టదా? సచివాలయం గోడ మీద పథకాల పోస్టర్ల మధ్య నాలుగు ఫొటోలకు జానెడు చోటు లేదా? నాయకుడి బొమ్మ కాస్త చిన్నదవుతుంది, నిజమే. అదే ఇబ్బందేమో!

సరే, అడిగి చూద్దాం. సోమవారం పుట్టపర్తి కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. "అయ్యా, మా ఇళ్లకు వచ్చే మీ మనుషులకు గుర్తింపు కార్డులు ఇవ్వండి" అని ఒక తెల్లకాగితం మీద రాసుకుని వెళ్లండి. వరుసలో నిలబడండి. మీ వంతు వచ్చాక మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు.

"ఆధార్ జిరాక్స్ తెచ్చినావా?"