కొలిమి పద్యానికి జ్వాలాసంజీవని టీక

మూలం (ఆటవెలది)

కొలిమి చల్లబడియె గొంగళ్ళు చాలవు
పిలువ వచ్చె నతఁడు పెట్టెతోడ
పుల్ల తుడిచె నంతె పూర్తాయె వైద్యంబు
రెండు వందలనియె రేటు చూపి

అవతారిక

కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన మల్లినాథసూరి మెదక్ సీమ కొలిచెలమ వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు ఆ ఒట్టులో మొదటి సగం దగ్గరే ఆగిపోయాడు. షికాగో పక్కన నేపర్‌విల్‌లో బేస్‌మెంటున్న ఇల్లు కొనుక్కున్న ఒక తెలుగు గృహస్థు, జనవరి రాత్రి రెండు స్వెట్టర్లలో కూర్చుని ఈ పద్యం చెప్పాడు. కవికి ఇది తొలి రచన. బిల్లు కూడా తొలిదే.

ప్రతిపదార్థం

కొలిమి = కమ్మరి కొలిమి కాదు. నేలమాళిగలో బీరువా అంత ఎత్తున నిలబడి, గ్యాసు మండించి, ఆ వేడిని గాలికెక్కించి గదులకు తోసే ఫర్నేస్. వాడుకలో ‘హీటర్’. డాలస్ వైపు చాలా ఇళ్ళలో ఇదే అటకెక్కి కూర్చుంటుంది. గ్యాసు ఉన్నా కరెంటు పోతే ఇది పనిచేయదు. గాలి తోసే బ్లోయరుకు కరెంటే ఆధారం.

చల్లబడియె = ‘చచ్చె’ అనకపోవడంలో కవి జాగ్రత్త కనిపిస్తుంది. ఫర్నేస్ ఆగిపోవడమంటే చాలాసార్లు లోపలి కాపలాదారుల్లో ఎవరో ఒకరు అనుమానపడి దాన్ని ఆపేయడమే. పొగ లాగే ఇండ్యూసర్ మోటారు తిరగాలి, గాలి ఒత్తిడి చూసే ప్రెషర్ స్విచ్చి సరేననాలి, ఇగ్నైటర్ ఎర్రబడాలి, గ్యాసు వాల్వు తెరుచుకోవాలి, మంట పుట్టిందని సెన్సరు సాక్ష్యం చెప్పాలి, ఆపైన బ్లోయరు లేవాలి. వీటిలో ఒకరు తల అడ్డంగా ఊపినా ఇల్లు చల్లబడుతుంది.

గొంగళ్ళు చాలవు = అతిశయోక్తి అనుకునేవారు 2019 జనవరి 30ని గుర్తు చేసుకోవాలి. ఆ రోజు షికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 23 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో మైనస్ 30కి దిగువ. అలాంటి రాత్రి వేడి లేకపోతే మనుషుల సంగతి అటుంచి గోడల్లోని నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి. బేరమాడే తీరిక ఎవరికుంటుంది? రేటు నాలుగో పాదంలో కనిపిస్తుంది గానీ, అది తేలిపోయేది ఈ మొదటి పాదంలోనే.

పిలువ = ఫోను చేయగా. ఈ మాటకు ముందు కవి చేయవలసినవి కొన్ని ఉన్నాయి, చేయలేదు. థర్మోస్టాట్ బ్యాటరీలు చూడాలి. ఫర్నేస్ పక్కన అచ్చం లైటు స్విచ్చిలా ఉండే స్విచ్చిని, చీపురు తీసుకోవడానికి వెళ్ళినవాళ్ళెవరైనా ఆపేశారేమో చూడాలి. ఫిల్టరు మూసుకుపోతే లోపల వేడి పెరిగి లిమిట్ స్విచ్చి పడుతుంది. ఫిల్టరు ఖరీదు 10, 20 డాలర్లు, వచ్చిన మనిషి ఆ మాట చెప్పినందుకు నూరు పైన. ఇంటి పక్కకు పోయే తెల్ల పీవీసీ గొట్టాల నోళ్ళు మంచుతో పూడాయేమో పార పట్టుకుని వెళ్ళి చూడాలి. ఇవన్నీ అయ్యాక పిలవడం ఉత్తమ పక్షం.

పెట్టెతోడ = పనిముట్ల పెట్టెతో అని ఒక అర్థం, ధరల పుస్తకం ఎక్కించిన ట్యాబ్లెట్‌తో అని మరొకటి. శ్లేష. పెట్టె గుమ్మం దాటినందుకే 100 నుంచి 200 డాలర్ల దాకా డయాగ్నస్టిక్ ఫీజు. రిపేరు చేయించుకుంటే అది బిల్లులో కలిసిపోతుందా, విడిగా పడుతుందా అని ఫోనులోనే అడగాలి. మన కవి మొహమాటపడ్డాడు.

పుల్ల = ఫ్లేమ్ సెన్సరు. వేలెడు పొడవు లోహపు కడ్డీ, పింగాణీ మొదలు. మంట గుండా మైక్రో ఆంపియర్లలో కొలిచేంత సన్నటి కరెంటు పారుతుంది. కడ్డీ మీద పొర పేరుకుంటే ఆ కరెంటు తగ్గి, కళ్ళెదుట మంట మండుతున్నా బోర్డు నమ్మదు, కొన్ని సెకన్లలో గ్యాసు కట్టేస్తుంది. మళ్ళీ వెలిగిస్తుంది, మళ్ళీ ఆపుతుంది, చివరికి అలిగి తాళం వేసుకుంటుంది.

పూర్వపక్షం

మామగారు విజిటర్ వీసా మీద నరసరావుపేట నుంచి వచ్చి, శాలువా కప్పుకుని మెట్ల మీద నిలబడి అంతా చూశారు. “ఏమయ్యా అల్లుడూ, ఆ పుల్ల తుడిచినందుకు రెండొందల డాలర్లా? పదిహేడు వేల పైమాట! ఆ డబ్బుకి మన బస్టాండు దగ్గర మెకానిక్కు బండి ఇంజను దింపి, ఎక్కించి, చిల్లర కూడా తిరిగిచ్చేవాడు.”

సిద్ధాంతం

మామగారి లెక్క తప్పు కాదు. కొత్త పుల్ల కొన్నా 10 నుంచి 30 డాలర్లే. కానీ గృహస్థు కొన్నది పుల్ల కాదు కదా. మంచులో వ్యాను రావడం, ఆ మనిషి లైసెన్సు, ఇన్సూరెన్సు, అన్నిటికంటే ముఖ్యంగా అరడజను అనుమానితుల్లో ఎవరిని తుడవాలో తెలియడం. బోర్డు మీద ఎర్రదీపం ఎన్నిసార్లు మిణుకుమంటే ఏ రోగమో బ్లోయరు తలుపు లోపలివైపు అంటించే ఉంటుంది. కవి ఆ తలుపు అంతవరకూ తీయలేదు.

అయినా సిద్ధాంతి సగం ఓడిపోతాడు. కరెంటూ గ్యాసూ ఆపి, ఒక్క స్క్రూ విప్పి, సన్నటి ఉక్కు పీచుతో మెల్లగా రుద్దడం చేయి తిరిగిన గృహస్థు చేసుకోగల పనే. గ్యాసు వాల్వు జోలికి మాత్రం పోరాదు.

ధ్వని

మిగతా భాగాల ధరలు వాచ్యార్థాలే. ఇగ్నైటరుకు 150 నుంచి 400, ఇండ్యూసర్ మోటారుకు 400 నుంచి వెయ్యి, కంట్రోల్ బోర్డుకు 400 నుంచి 800, బ్లోయరు మోటారుకు 500 నుంచి 1,500 డాలర్లు. ఊరిని బట్టి, మోడలును బట్టి అటూ ఇటూ. “హీట్ ఎక్స్ఛేంజరు పగిలిందండీ” అన్న వాక్యం దగ్గర మాత్రం ధ్వని మొదలవుతుంది. వాచ్యార్థం: పొగను గది గాలి నుంచి వేరుచేసే లోహపు గోడకు బీట వారింది. వ్యంగ్యార్థం: కొత్తది కొనండి. మార్పించడానికి 1,500 నుంచి 3,500 డాలర్లు, కొత్త ఫర్నేసుకు 5,000 నుంచి 10,000 కనుక రెండో అర్థం వైపే సంభాషణ జారుతుంది.

బీట నిజమైతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. టీకాకారుడు ఇక్కడ నవ్వడం మానుతున్నాడు: ఫర్నేస్ ఆపాలి, పడకగదుల దగ్గర అలారం ఉండాలి, అది మోగితే అందరూ బయటికి రావాలి. ఆపి ఉంచినంతసేపు ప్రాణభయం లేదు కాబట్టి బీట ఫోటో అడగడానికీ, రెండో మనిషిని పిలిపించడానికీ వ్యవధి ఉంటుంది. స్పేస్ హీటరుతో రెండు రోజులు గడపడం కష్టమే, పదివేలు పోయడం కంటే తేలిక.

వారంటీ కాగితం కూడా తీయాలి. చాలా కంపెనీలు బిగించిన 60 లేదా 90 రోజుల్లో రిజిస్టరు చేస్తే విడిభాగాలకు 10 ఏళ్ళు ఇస్తాయి, లేకపోతే 5. హీట్ ఎక్స్ఛేంజరుకు తరచు ఇంకా ఎక్కువే. కూలి మాత్రం చాలా వారంటీల్లో ఉండదు.

రిపేరు ఖర్చును ఫర్నేస్ వయసుతో గుణిస్తే 5,000 దాటిందా, మార్చేయమని ఒక సూత్రం ప్రచారంలో ఉంది. తొమ్మిదేళ్ళ ఫర్నేసుకు 600 డాలర్ల మోటారు వేయాలంటే ఈ లెక్కన దానికి అంత్యక్రియలే. పదిహేను, ఇరవై ఏళ్ళు బతికే యంత్రానికి ఇది ఘోరం. ఈ సూత్రం అమ్మేవాళ్ళ నోట ఎక్కువగా వినిపించడం యాదృచ్ఛికం అనుకోను.

ప్రక్షిప్తాలు

బిల్లు అడుగున సర్జ్ ప్రొటెక్టర్, గాలి శుద్ధికి నీలి దీపం, వార్షిక సభ్యత్వం అని మూడు పంక్తులున్నాయి. శైలీభేదాన్ని బట్టి ఇవి మూలకర్తవి కావు. సంతకానికి ముందు కొట్టేయవచ్చు. ‘ఫెడరల్ పన్ను రాయితీ 600 దాకా వస్తుంది’ అనే పంక్తి ఒకప్పటి మూలమే. 2025 డిసెంబరు 31 తర్వాత బిగించిన వాటికి అది లేదు కనుక, ఇప్పటికీ చదివేవాడు పాత తాళపత్రం చదువుతున్నాడు.

పాఠాంతరాలు

శనివారం రాత్రి ప్రతిలో నాలుగో పాదం “నాల్గు వందలనియె నవ్వి చూపి” అని ఉంది. గణాలూ యతీ సరిపోయాయి, పని వేళలు దాటిన రేటూ సరిపోయింది. అక్టోబరులోనే మనిషిని పిలిచి పుల్ల తుడిపించి, ఫిల్టరు మార్పించిన పక్కింటివాళ్ళ ప్రతిలో మొదటి పాదమే లేదు. మామగారు రాసుకుని తీసుకెళ్ళిన ప్రతి నరసరావుపేటలో ఉంది. అందులో రేటు రూపాయల్లోకి మార్చడం వల్ల ఛందస్సు చెడింది.