56 ఊళ్ల ఖాళీ జాగ

సికింద్రాబాద్ మోండా మార్కెట్లో ఆదివారం పొద్దున నువ్వు అడుగు వేయాలంటే ఎదుటివాడు అడుగు తీయాలి. అలాంటి చోట, కొత్తిమీర కట్టలకూ పూల గంపలకూ మధ్య నిలబడి, మా బావమరిది ఫోన్లో హైదరాబాద్ పక్కన రాబోయే ఫ్యూచర్ సిటీ మ్యాపు తెరిచాడు.

"765 చదరపు కిలోమీటర్లు బావా! ఏఐ సిటీ, డేటా సెంటర్లు. అంతా ఖాళీ జాగే!"

అప్పటికే మూడు మోచేతి పోట్లు తిన్న నాకు ఖాళీ అన్న మాటే చల్లగా తగిలింది. కాకపోతే 2025 మార్చిలో ఆ సిటీకి అథారిటీ వేసినప్పుడు లెక్కా చెప్పారు: 7 మండలాలు, 56 రెవెన్యూ గ్రామాలు. ఇన్ని ఊళ్లున్న ఖాళీ మన దగ్గరే దొరుకుతుంది. ఇందులోని ముచ్చర్ల వైపు నేలనే మునుపు ఫార్మా సిటీ అన్నారు, 19 వేల ఎకరాలన్నారు. ప్రభుత్వం మారింది, సిటీ పేరు మారింది, ఖాళీ మాత్రం చెక్కుచెదరలేదు.

టమాటాలు తూస్తున్న అవ్వది ఆ ఏడు మండలాల్లోని యాచారం దిక్కు. తక్కెడ దించకుండానే అంది: "ఖాళీ అంటవేంది బిడ్డా? మల్ల ఈ టమాటలు ఏడికెల్లి వచ్చినయ్?"

రాకెట్లు ఎగరేసే శ్రీహరికోట సంగతి వేరు, దానికి ఖాళీ జాగ కావాల్సిందే. రాకెట్ గతి తప్పితే ప్రమాదం. తూర్పున సముద్రం ఉండాలి, చుట్టూ జనం పలచగా ఉండాలి. (అక్కడా యానాదులు ఉండేవారు, లేచిపోవాల్సి వచ్చింది.) సర్వరు ఎగిరి ఎవరి నెత్తినా పడదు కదా. దానికి కావలసింది కరెంటూ నీళ్లూ. బోరు కింది టమాటాకు కావలసినవీ అవే. పైగా డేటా సెంటర్ కట్టడం అయ్యాక లోపల పనిచేసేవాళ్లు కొద్దిమందే. ఆ జాగ నిజంగా ఖాళీ అయ్యేది అప్పుడే.

1998లో సైబర్ టవర్స్ తెరిచిననాడు మాదాపూర్‌నూ రాళ్లూ తుప్పలే అన్నారు. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి అక్కడ మన కారు కదలాలంటే ముందు కారు ముచ్చర్ల దాకా జరగాలి. అందుకే కాబోలు ముచ్చర్ల.

అవ్వ కిలో నలభై అంది. బావమరిది ముప్పైకి ఇమ్మని పావుగంట గీచిగీచి బేరమాడాడు. కిందటి వారం అదే దిక్కున ప్లాటుకు బయానా ఇచ్చొచ్చాడు. గజం ఎంతంటే అంతేనట, బేరమే ఆడలేదట.