నంబర్ చెప్పండి సార్

మదనపల్లెలో ఇప్పుడు పావుకిలో జీలకర్ర కొనాలన్నా పది అంకెలు అప్పజెప్పాలి. బిల్లు కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మన ముఖం చూడదు, సంచీ చూడదు. "నంబర్ చెప్పండి సార్" అంటుంది. పెళ్లిచూపుల్లో అయితే నంబర్ అడగడానికి అరగంట మొహమాటపడతారు. ఇక్కడ అదేం లేదు. వరసలో వెనకున్న వాళ్లందరూ వినేలా మనం గట్టిగా చెప్పాలి, ఆమె మళ్లీ గట్టిగా చదవాలి. ఆ తర్వాత "మీకు నాలుగు పాయింట్లు వచ్చాయి" అంటుంది. వాటితో ఏం చేసుకోవాలమ్మా అంటే, "ఉండనీండి సార్, పెరుగుతాయి" అని దీవిస్తుంది.

నంబర్ ఇస్తేనే సరుకు ఇస్తామని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో దుకాణాలకు చెప్పింది. చెప్పిన మాట నిజమే, వినబడింది మాత్రం ఢిల్లీ దాకానే. ఇక్కడ నంబర్ ఇవ్వనని చెప్పి చూడండి. అమ్మాయి కంటే ముందు వరసలో ఉన్నవాళ్లే అనుమానంగా చూస్తారు, ఈ మనిషి ఎవరికో అప్పుపడి తప్పించుకు తిరుగుతున్నాడని.

పాయింట్ల లెక్క మా పుంగనూరు పిన్నమ్మకు తెలిసినంతగా ఏ ఆడిటరుకూ తెలీదు. ఆమె పోయే అంగట్లో వంద రూపాయలకు ఒక పాయింటు. పాయింటు విలువ పావలా. నాలుగు వందలు పోగైతే గానీ ముట్టుకోనివ్వరు. అంటే నలభై వేల రూపాయల సరుకు ఇంటికి మోస్తే వంద రూపాయలు వస్తాయి. అవీ చేతికి రావు, మళ్లీ అక్కడే కొనే సరుకులో కలుస్తాయి. మార్చి 31 దాటితే అదీ లేదు. మొన్న ఫిబ్రవరి నెలాఖరుకు పిన్నమ్మ ఖాతాలో 371 పాయింట్లు ఉన్నాయి. మిగతా 29 పాయింట్ల కోసం 2,900 రూపాయలు పెట్టి ఇంకో విడత సరుకు తెచ్చింది. "ఊరికే వచ్చే వంద రూపాయల్ని పోనిస్తామా నాయనా?" అంది. ఆ ఇంట్లో ఇప్పుడు మూడు రకాల ఓట్సు డబ్బాలున్నాయి. రాగి సంకటి తప్ప అక్కడ ఇంకోటి ఎవరూ ముట్టరు.

ఇది పుంగనూరులో జరగడమే విచిత్రం. తక్కువ మేసి చిక్కటి పాలిచ్చే పొట్టి ఆవు పుట్టిన సీమ అది. పొదుపంటే ఏమిటో నాలుగు కాళ్ల మీద నిలబెట్టి చూపించింది. ఆ ఆవుకూ చివరికి మోజు తగులుకుంది. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక చెప్పనే అక్కర్లేదు. ధర లక్షల్లో పలుకుతోంది. గడ్డి ఖర్చు కలిసొస్తుందని లక్షలు పోసి ఆవును కొనేవాళ్లకూ మా పిన్నమ్మకూ ఏదో దూరపు చుట్టరికం ఉండే ఉంటుంది.

కూపన్లు అమెరికావాళ్ల తెలివి అంటారు. 1887లోనే కోకాకోలావాళ్లు ఒక గ్లాసు ఉచితమని చీటీలు పంచారు. మన కూరగాయల బండివాడు చీటీ కొట్టలేదు గానీ, కిలో వంకాయలు తూచాక నాలుగు కరివేపాకు రెబ్బలు సంచీలో పడేసేవాడు. ఆ కొసరుకు ఓటీపీ రాదు. గడువు తేదీ అంటారా, ఆకు వాడేదాకా.

అసలు సిసలు లాయల్టీ పథకం చూడాలంటే మదనపల్లె టమోటా మార్కెట్‌కు పోవాల. అక్కడ కొసరు ఇచ్చుకునేది రైతు. వందకు ఇన్ని బాక్సులు ఊరికే ఇచ్చుకోవాలన్నది అక్కడి ఆనవాయితీ, దాని పేరు జాక్‌పాట్. రైతులు ఏళ్ల తరబడి దీని మీద మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ అబద్ధం మాత్రం ఆడలేదు, జాక్‌పాట్ ఎవరికి తగిలిందన్నదే చెప్పలేదు. సూపర్ బజార్ వాళ్లు నలభై వేలకు వంద రూపాయలు విదిలిస్తారు. రైతు మాత్రం బాక్సులకు బాక్సులే వదులుకుంటాడు, పైగా కమీషన్. ఇంత నమ్మకమైన మెంబరుకు ఇంతవరకు ఎవరూ ఒక కార్డయినా ఇయ్యలేదు.

2023 జూలైలో ఇదే మార్కెట్లో టమోటా కిలో 150 దాటింది. రాష్ట్ర ప్రభుత్వం కొని, రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. అదే నెలలో మధ్యప్రదేశ్‌లోని అశోక్‌నగర్‌లో ఒక మొబైల్ అంగడి, స్మార్ట్‌ఫోన్ కొంటే రెండు కిలోల టమోటాలు ఉచితమని ప్రకటించింది. మన పంట కానుక స్థాయికి ఎదిగిన రోజులవి. సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలింది. అప్పుడు బాక్సు టమోటాలు కొన్నవాళ్లకు ఏదైనా ఉచితంగా ఇద్దామని మాత్రం ఏ అంగడికీ తోచలేదు.

ఇక బంగారం స్కీములు. పదకొండు నెలలు మీరు కట్టండి, పన్నెండోది మేం కడతాం అంటారు. ఇంటి ఆడవాళ్లు దీన్ని వాళ్ల మంచితనం అనుకుంటారు. 2014లో వచ్చిన కంపెనీల డిపాజిట్ల నిబంధనల ప్రకారం, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుకు 365 రోజుల్లోగా సరుకు ఇవ్వకపోతే అది డిపాజిట్టు కిందికి వస్తుంది. డిపాజిట్టు అయితే చట్టం చెప్పే బాధ్యతలు నెత్తిన పడతాయి. పదకొండు నెలల మంచితనం అక్కడ పుట్టింది. సరే, పన్నెండో కంతు వాళ్లే కట్టారు. నగ తీసుకోబోతే తరుగు అంటారు, మజూరీ అంటారు, మీరు చూసిన డిజైను ఈ స్కీములోకి రాదంటారు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు గనక చీరల అంగళ్లు తగ్గింపు బోర్డులు కడతాయి. శ్రావణంలో పెళ్లిళ్లు ఉంటాయి గనక బంగారు అంగళ్లు కడతాయి. పంచాంగం ఎవరు రాస్తున్నారో నాకిప్పుడు సందేహంగానే ఉంది.

కుప్పంవాళ్ల తెలివి వేరు. ఒకపక్క తమిళనాడు, ఒకపక్క కర్ణాటక. ఏ రాష్ట్రంలో ఏది చౌకో చంటిపిల్లలు కూడా చెప్తారు. పాయింట్లూ కార్డులూ వాళ్లకు ఆనవు, సరిహద్దే వాళ్ల కూపన్. పెట్రోలు మన కంటే కర్ణాటకలో లీటరుకు ఆరేడు రూపాయల దాకా తక్కువ కాబట్టి కుప్పంలో మా మామ బండి ఎప్పుడూ రిజర్వులోనే బయల్దేరుతుంది. పోను పదిహేను కిలోమీటర్లు, రాను పదిహేను. తొమ్మిది లీటర్లు కొట్టిస్తే అరవై రూపాయలు మిగులు. ముప్పై కిలోమీటర్లకు కాలిన పెట్రోలు కూడా దాదాపు అంతే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను.

మామ కాగితం తిప్పి చూసి, "నువ్వు చదువుకున్నోడివి నాయనా, అన్నీ లెక్కేస్తివి. ఆడ టీ కూడా రెండు రూపాయలు తక్కువ, అది ఏసినావా?" అన్నాడు.

వేయలేదు. ఆ రెండు రూపాయలు కలిసొస్తాయని ఆయన అక్కడ రెండు టీలు తాగి వస్తాడు.