మంజీర మా ఊరికి రాదు

మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ గుట్టల్లో పుట్టిన మంజీర, బీదర్ నేల దాటి మా సంగారెడ్డి జిల్లాలోకి దిగుతుంది. బుద్ధిగా ఆగ్నేయానికి పోతూ పోతూ, సంగారెడ్డి దాకా వచ్చాక, ఇంట్లో పొయ్యి ఆర్పలేదని గుర్తొచ్చినట్టు గిరుక్కున ఉత్తరానికి తిరుగుతుంది. మెదక్ పక్క నుంచి, నిజాంసాగర్ మీదుగా పోయి కందకుర్తిలో గోదావరిని కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్లు. ఆ పెద్ద వంపుకు లోపల, నడిమధ్యన, ఖాళీ బిందెలా కూర్చున్నది మా కంగ్టి.

మంజీరం అంటే కాలి అందె. ఈ నదికి ఆ పేరు పెట్టినవాడు మ్యాపు చూసే పెట్టాడేమో అనిపిస్తుంది నాకు. అందె కాలి చుట్టూ తిరుగుతుంది, గలగలమంటుంది. కాలికి ఒరిగేది మాత్రం ఏమీ ఉండదు.

యాభై దాటిన మగవాడికి రెండే దారులు: ఒకటి షుగర్ టెస్టు, రెండు సాహసయాత్ర. మొదటిదానికి భయపడి రెండోది ఎంచుకున్నాను. నది మన దగ్గరికి రానప్పుడు మనమే నది దగ్గరికి పోదాం, సైకిల్ మీద కొంత, నడిచి కొంత, పడవలో కొంత అని ఇంట్లో ప్రకటించాను.

మా ఆవిడ జొన్నరొట్టె తడుతూ తలెత్తకుండానే అన్నది: "నీళ్ల బిందె లేపుమంటే నడుము నొప్పంటవు. నది చుట్టు తిరుగుతవా?"

మేనల్లుడి గేర్ల సైకిల్ అరువు తీసుకున్నాను. దానికి ఇరవై ఒక్క గేర్లు. నాకు తెలిసినవి రెండు: తొక్కడం, దిగి నెట్టడం. మా బామ్మర్ది మోటార్ సైకిల్ మీద రొట్టెల మూట, పల్లీల తొక్కు పెట్టుకొని అంబులెన్సులా వెనకాల వచ్చాడు.

పొద్దున ఐదింటికి బయలుదేరితే, నారాయణఖేడ్ చేరేలోపే నలుగురు ఆపారు. మాది మూడు రాష్ట్రాలు కలిసే మూల. పలకరింపు తెలుగులో మొదలై, కన్నడంలో మలుపు తిరిగి, మరాఠీలో ఆగుతుంది. మూడు భాషల్లోనూ అడిగింది మాత్రం ఒకటే: "సారూ, బండి ఖరాబైందా?" సరదాకు సైకిల్ తొక్కుతున్నానంటే ఒక్కరూ నమ్మలేదు. ఒక పెద్దమనిషి జాలిపడి, పత్తి మూటలతో పోతున్న ట్రాలీ ఆపి ఎక్కమన్నాడు. ఎక్కాలని ఎంత ఉన్నా, బామ్మర్ది చూస్తున్నాడని ఎక్కలేదు.

మధ్యాహ్నానికి మనూరు దాటి సింగూరు వెనక నీళ్ల ఒడ్డుకు చేరాను. అప్పటికి సైకిల్ సీటుకూ నాకూ మాటల్లేవు. ఎదురుగా కనుచూపు మేర నీళ్లు. సింగూరు జలాశయం నిండితే 29.91 టీఎంసీలు. హైదరాబాద్ దశాబ్దాలుగా ఈ నీళ్లు తాగుతోంది. ఈ నీళ్లనే ఎత్తి ఖేడ్ చేలకు మళ్లించే బసవేశ్వర ఎత్తిపోతలకు 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. కొందరు చుట్టాలు కబురు పెడితే వస్తారు. ఈ చుట్టాన్ని పంపు పెట్టి పిలవాలి.

కాళ్లు కడుక్కుందామని వంగాను.

"బావా, మొసళ్లుంటయి!"

ఎగిరి గట్టున పడ్డాను. ఆ మాట అబద్ధం కాదు. సింగూరు ఆనకట్ట నుంచి దిగువన మంజీర బరాజ్ దాకా ఉన్న నదిని 1978లోనే అభయారణ్యం చేశారు. నడుమ పుట్టిగడ్డ, బాపనగడ్డ లాంటి లంకలున్నాయి. వాటి మీద కొంగలు, ఒడ్డున ఎండ కాచుకునే మొసళ్లు. బామ్మర్ది రొట్టె నములుతూ ధైర్యం చెప్పాడు: "నిన్నేం జెయ్యవు తియ్యి. మొత్తం బొక్కలే గద."

మర్నాడు సైకిల్‌తో పాటు నేనూ ట్రాలీ ఆటో ఎక్కి, ఘనపురం దగ్గర దిగి నడక మొదలుపెట్టాను. 1905 నాటి అక్కడి ఆనకట్ట చూసి ఏడుపాయల చేరాను. ఆనకట్టకు చెరోవైపున రెండు కాలువలు, మహబూబ్ నహర్, ఫతే నహర్. కాలువకు కూడా దర్జాగా పేరు పెట్టిన రోజులవి. ఏడుపాయల దగ్గర మంజీర రాళ్ల మధ్య ఏడు పాయలుగా చీలుతుంది. జనమేజయుడు సర్పయాగం చేసిన చోటని స్థలపురాణం. నాకైతే పిల్లల మధ్య ఆస్తి పంచిన తల్లిలా కనిపించింది. వరద ముదిరితే వనదుర్గమ్మ గుడిలోకే నీళ్లొస్తాయి. అప్పుడు ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలో పెట్టి పూజలు చేస్తారు. మా ఊరికి రాని నది ఇక్కడ పిలవకుండానే గర్భగుడిలో దూరుతుంది! ఈ పక్షపాతం గురించి అమ్మవారికి మొక్కుతూనే ఫిర్యాదు చేశాను. ఆ ధ్యాసలో రాయి మీద జారి, ఏడు పాయల్లో ఒకదానికి నా ఎడమకాలి చెప్పు సమర్పించాను.

మూడో రోజు బామ్మర్ది బండి మీద నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయిన కట్ట, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగ్ ముద్ర. మొదట్లో 29 టీఎంసీలకు పైగా పట్టేదట. పూడిక చేరి చేరి 17.8కి దిగింది. వయసు మీద పడ్డాక నా కడుపు పెరిగితే, దాని కడుపు తగ్గింది. ఇద్దరిదీ మాత్రం ఒకటే రోగం: లోపల చేరింది బయటికి పోదు.

చివరికి కందకుర్తి. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటు. ఇక మిగిలింది పడవ. వచ్చింది మాత్రం పుట్టి. వెదురు బద్దల పెద్ద గంప, కింద తారు పూసిన పట్టా. దానికి ముందూ లేదు, వెనకా లేదు. చేపలు పట్టే అన్న నన్ను నడుమ కూర్చోబెట్టి, "సారూ, కదలకుండ్రి" అన్నాడు. తెడ్డు అతని చేతిలో ఉన్నంతసేపు పుట్టి ఎటు పొమ్మంటే అటు పోయింది. ఒక్కసారి నేనూ వేస్తానని తీసుకున్నాను. అంతే. పుట్టి ముందుకు కదలకుండా ఉన్నచోటనే గుండ్రంగా తిరిగింది. గోదావరి, మంజీర, గట్టు మీద నవ్వుతున్న బామ్మర్ది. మళ్లీ గోదావరి, మంజీర, బామ్మర్ది. మూడు చుట్లు పూర్తయ్యాక అన్న తెడ్డు లాక్కుని, "అయింది సారూ, ప్రదక్షిణ" అన్నాడు.

దిగేముందు ఖాళీ సీసాలో సంగమం నీళ్లు నింపుకున్నాను. మూడు రోజుల కష్టానికి, ఒక చెప్పుకు, సాక్ష్యం ఉండాలి కదా.

ఇంటికి చేరి, కుంటుతూ వంటింట్లోకి పోయి సీసాను గూట్లో దీపం పక్కన పెట్టాను. "మంజీరమ్మను ఇంటికి తెచ్చిన" అన్నాను గర్వంగా.

మా ఆవిడ సీసాను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, ఏమీ అనకుండా మిషన్ భగీరథ నల్లా తిప్పింది. బిందెలో నీళ్లు గలగలమన్నాయి.

"ఇవెక్కడివి?" అన్నది.

సింగూరువి. నేను మొసళ్లకు భయపడి కాళ్లు కూడా కడుక్కోని నీళ్లే.

"రోజూ పొద్దుగాల్ల నాకంటె ముందే వంటింట్లుంటది. నువ్వు చూసినవా ఎన్నడన్న?" అని, నిండిన బిందె నా వైపు జరిపింది.

నడుము నొప్పి అనబోయి, నోరు మూసుకొని లేపాను.