మోటారు వేస్తే కారదు

తాడేపల్లిలో నీళ్లు లేవంటే వినేవాళ్లు నవ్విపోతారు. కృష్ణ మీద 1855లో కట్టిన ఆనకట్ట 1952 వరదకు తెగితే, 1957 కల్లా ప్రకాశం బ్యారేజీ లేచింది. దాని దక్షిణపు కొస మా ముంగిట్లోనే ఉంది. అంత నదిని పక్కన పెట్టుకుని మా బావమరిది ట్యాంకర్లతో నీళ్లు కొన్నాడు. పిల్లలు ఈతకని సీతానగరం ఘాటు వైపు పోతే ఇంట్లో ఆడవాళ్లకు గుండెదడ. అందుకని కొలనునే ఇంటికి తెప్పించాడు.

ఇది గొయ్యి తవ్వే రకం కాదు. ఇనుప గొట్టాల చట్రం, దానికి వేలాడే నీలం ప్లాస్టిక్ తొట్టె, అంతే. 15 అడుగుల వ్యాసం, మూడున్నర అడుగుల నీరు. అంటే సుమారు 17,500 లీటర్లు, బరువు పదిహేడున్నర టన్నులు. మొదట డాబా మీద పెడదామన్నాడు. ఆ లెక్క చెవిన పడగానే కింది వాటాలో అద్దెకున్నవాళ్లు తలెత్తి శ్లాబు వైపు చూశారు. కొలను పెరట్లోకి దిగింది.

తొట్టె ఒక్కపూటలో నిలబడింది. అసలు కథ పైపులది. తొట్టె పైఅంచున స్కిమ్మరు ఉంటుంది. నీరు అందులోంచి బయటికొస్తుంది, ఆకులూ పురుగులూ బుట్టలో చిక్కుతాయి. అక్కణ్ణుంచి మోటారుకు, మోటారు నుంచి ఇసుక ఫిల్టరుకు, అటునుంచి ఓ అడుగు కిందున్న రంధ్రం గుండా మళ్లీ తొట్టెలోకి. ఓ 8 గంటల్లో నీరంతా ఒక చుట్టు చుట్టి రావాలి.

మాకు దొరికిన ప్లంబరు ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో ఆరితేరినవాడు. ఆయన లెక్కలో నీరు పైనుంచి కిందికి పడేదే తప్ప, బయల్దేరిన చోటికే తిరిగొచ్చేది కాదు. జామచెట్టును తప్పించే నెపంతో అరడజను ఎల్బోలు బిగించాడు. ఎల్బో ఎల్బోకీ నీటి జోరు తగ్గుతుందంటే, ‘మోటారు ఉంది కద్సార్, తోస్తుంది’ అన్నాడు. విప్పుకోవడానికి యూనియన్లు పెట్టమంటే, ‘ఎందుకు సార్, సొల్యూషన్ పూస్తే చచ్చినా ఊడదు’ అన్నాడు. ఆ మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

తొట్టె నిండగానే మోటారు ముందరి జాయింటు దగ్గర చుక్క చుక్క కారడం మొదలైంది. ప్లంబరు తొణకలేదు. స్విచ్ వేశాడు. కారడం ఆగిపోయింది. ‘చూశారా, ప్రెషరు పడగానే సీలైపోయింది’ అని డబ్బులు పుచ్చుకుని వెళ్లాడు. ఆయన వెళ్లాక తొట్టెలోకి నీటితోపాటు బుడగలు రావడం మొదలైంది. పిల్లలు కేరింతలు. ‘జాకుజీ కూడా ఇచ్చాడు బావా, ఎక్స్‌ట్రా తీసుకోలేదు’ అని మా వాడు ఒకటే మురిసిపోవడం.

ఆ సంబరంలోకి మేడికొండూరు నుంచి మా బాబాయి దిగాడు. ఆయనది మిరప చేను, డ్రిప్పు సేద్యం. ఫిల్టరు చుట్టూ ఒకసారి తిరిగి, ‘ఒరేయ్, ఇది మా చేలో డ్రిప్పుకున్న ఇసుక ఫిల్టరే కదరా! రంగేసి నీకు అంటగట్టారా?’ అన్నాడు. నిజానికి పని అదే. లండన్‌లో జేమ్స్ సింప్సన్ 1829లో థేమ్స్ నీటిని ఇసుకలో వడకట్టించిన నాటి నుంచి ఇసుక మారలేదు, తొందరే పెరిగింది. ఆయన నీటిని దానంతటది నింపాదిగా ఇంకనిచ్చాడు, మనం మోటారు పెట్టి తోస్తున్నాం. మురికి పట్టి మీటరు ముల్లు 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగితే నీటిని వెనక్కి తిప్పి ఇసుకను కడగాలి. బాబాయి భాషలో ‘అరకేజీ దాటితే బ్యాక్‌వాష్’.

బుడగలు చూడగానే ఆయన, ‘సక్షన్ గాలి పడుతోంది’ అని తేల్చేశాడు. మోటారు ఆగి ఉంటే తొట్టెలో నీటి బరువు ఆ సందులోంచి నీళ్లను బయటికి నెడుతుంది. మోటారు తిరిగితే అదే సందులోంచి గాలిని లోపలికి లాగుతుంది. ప్లంబరు చూసిన ‘సీలు’ ఇదన్నమాట. బాబాయి మోటారు ఆపకుండానే ఆ జాయింటు మీద చెంబుతో నీళ్లు ధారగా పోశాడు. బుడగలు ఆగాయి. చెంబు ఎత్తాడు. మళ్లీ మొదలు. కాలవ గట్టున ఆయిలింజన్లతో కుస్తీ పట్టినవాళ్ల పరీక్ష ఇది.

మరమ్మతుకు మళ్లీ ఆ ప్లంబరే గతి. విప్పుదామంటే యూనియన్ లేదు, నీళ్లు కట్టేద్దామంటే వాల్వు లేదు. హాక్‌సా బ్లేడుతో పైపు కోశాడు. అటు స్కిమ్మరు నుంచి, ఇటు ఫిల్టరులోంచి వెనక్కి కూడా నీళ్లు వచ్చాయి. కింది రంధ్రం తేలేదాకా ఆగలేదు. పోయింది ఒక్క అడుగే. 15 అడుగుల తొట్టెలో ఒక అడుగంటే 5,000 లీటర్లు, పెద్ద ట్యాంకరు నీళ్లు. అవి గోడ కింద సందులోంచి పక్కింట్లోకి పోయి, ఆవిడ పచ్చడి కారానికి ఆరబోసుకున్న మిరపకాయలను తేల్చాయి. ఆ మధ్యాహ్నం ఆవిడ నోట విన్న కారం మా బాబాయి చేలో పండదు.

కొలను కొనబోయే వారికి ఒక మనవి. బేరం తొట్టె దగ్గర ఆడినా ఫరవాలేదు, పైపు సామాను దగ్గర ఆడకండి. మోటారుకు ముందొక బాల్ వాల్వు, ఫిల్టరు తర్వాత ఒకటి, వాటి పక్కనే యూనియన్లు పెట్టించండి. మోటారు వేయగానే కారడం ఆగిపోతే, ప్లంబరుకు అప్పుడే డబ్బులివ్వకండి.