మా వీధి చివరి స్పీడ్ బ్రేకర్‌కు బహిరంగ లేఖ

మా కాలనీ మలుపులో రోడ్డుకు అడ్డంగా ఉన్న స్పీడ్ బ్రేకర్‌కు,

మా బావగారు కొత్త కారు కొనబోతున్నారు. డెబ్భై ఎనభై లక్షలు పెట్టి కొనే కారు ఏదైతే బాగుంటుందో డబ్బు కట్టేవాళ్లు, అందులో కూర్చునేవాళ్లు తేల్చుకోవాలి. మా ఇంట్లో మాత్రం చివరి మాట నీదయ్యేలా ఉంది. అది నాకు అన్యాయంగా తోచింది. నాలుగు మాటలు నీకు చెప్పి, నిన్ను కట్టినవాళ్లకూ వినిపించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

బావగారికి విజయవాడలో పని. వారం వారం హైదరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లి వస్తుంటారు. బండి డ్రైవర్ నడుపుతాడు, ఆయనా మా అక్కా వెనక సీట్లో కూర్చుంటారు. అక్కది పాత నడుం నొప్పి. ఎత్తు బండిలోకి కాలెత్తి ఎక్కడం, దిగేటప్పుడు కిందికి జారడం ఆమె వల్ల కాదు. అందుకే ఎవరేం చెప్పినా సెడానే కొనాలని ముందే అనుకున్నారు.

వెనక కూర్చునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన సెడాన్లు ఈ ధరలో చాలా లేవు. ఆడీ ఏ6, లెక్సస్ ఈఎస్ కూడా చూశారు గానీ, అసలు పోటీ మెర్సిడెస్ బెంజ్ ఈ-క్లాస్‌కూ బీఎండబ్ల్యూ 5 సిరీస్‌కూ మధ్యే. మన దేశంలో సొంత కారున్న పెద్దమనుషులు వెనకే కూర్చుంటారని బెంజ్ కంపెనీ ముందుగా గ్రహించి, 2017లోనే పొడుగు వీల్‌బేస్ ఈ-క్లాస్‌ను ఇక్కడికి తెచ్చింది. 2024 జులైలో బీఎండబ్ల్యూ కూడా అదే దారి పట్టి, పొడుగు 5 సిరీస్‌ను 72.9 లక్షల ఎక్స్-షోరూమ్ ధరకు విడుదల చేసింది. ఆ అక్టోబరులోనే కొత్త ఈ-క్లాస్ 78.5 లక్షల నుంచి మొదలైంది. 5 సిరీస్‌ను చెన్నైలో, ఈ-క్లాస్‌ను పుణె పక్కన చాకన్‌లో బిగిస్తారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం బీఎండబ్ల్యూలో 3,105 మిల్లీమీటర్లు, బెంజ్‌లో 3,094. తేడా 11 మిల్లీమీటర్లే.

నన్నడిగితే, సొంతంగా నడుపుకునేవాళ్లు 5 సిరీస్ కొనాలి. 258 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజిన్, చెప్పినట్టు వినే స్టీరింగ్. వెనక కూర్చుని ఐదారు గంటలు ప్రయాణం చేసేవాళ్లకు ఈ-క్లాస్ మేలు. సీటు వీపు 36 డిగ్రీల దాకా వాలుతుంది, తొడల కింద ఆసరా బాగుంటుంది. పైగా డీజిల్ ఇంజిన్ కూడా దొరుకుతుంది. హైవే మీద వారం వారం తిరిగే కుటుంబానికి డీజిల్ విలువ తెలుసు. మా అక్క నడుం తలుచుకుంటే నా ఓటు ఈ-క్లాస్ డీజిల్‌కే. బావగారికి బీఎండబ్ల్యూ మీద మనసుంది. మేమిద్దరం దాని గురించి ఇంకా వాదించుకుంటూనే ఉండేవాళ్లం, మధ్యలో నువ్వు రాకపోతే.

షోరూమ్ వాళ్లు టెస్ట్ డ్రైవ్ బండిని ఇంటికే పంపారు. ఐదుగురం ఎక్కాం. ఖాళీ బండి ఎత్తు వేరు, మనుషులు నిండిన బండి ఎత్తు వేరు. లగ్జరీ సెడాన్ కొనే ప్రతివాళ్లూ ఐదుగురినీ కూర్చోబెట్టుకుని తమ సందులో తామే నడిపి చూడాలి. బ్రోషర్‌లో గ్రౌండ్ క్లియరెన్స్ అని రాసిన అంకె ఖాళీ బండిదా, నిండు బండిదా అని కూడా అడగాలి. నీ దగ్గరికి రాగానే డ్రైవర్ బండిని దాదాపు ఆపేశాడు. ముందు చక్రాలు ఎక్కి దిగాయి, ఆ వెంటనే అడుగున గరగరమని రాసుకున్న చప్పుడు. అక్క నడుం పట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు డ్రైవర్ బండిని ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్నే నీ మీదికి ఎక్కించాడు. అలా దాటాలంటే సందు మొత్తం కావాలి, ఎదురు బండి ఆగాలి. రోజూ ఇంటికి రావడానికి అంత తతంగమా?

"మీ రోడ్డు ఇలా ఉంటే ఎస్‌యూవీ తీసుకోండి సార్" అన్నాడు షోరూమ్ కుర్రాడు. అతని తప్పేమీ లేదు. చూసింది చెప్పాడు.

ఆ సాయంత్రం టేపు తీసుకుని నీ దగ్గరికి వచ్చాను. నువ్వు ఆరంగుళాల ఎత్తు, రెండడుగుల వెడల్పు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో స్పీడ్ బ్రేకర్ల కోసమే ఐఆర్‌సీ-99 అనే పుస్తకం వేసింది. అందులో చెప్పిన గుండ్రటి దిమ్మ ఎత్తు 10 సెంటీమీటర్లు, అంటే నాలుగంగుళాలు. వెడల్పు 3.7 మీటర్లు, అంటే పన్నెండు అడుగుల పైమాట. దాని ఒంపు 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ఒక ముక్క. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాన్ని హాయిగా దాటవచ్చు. నీ ఎత్తు దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్లు, నీ వెడల్పు దాని వెడల్పులో ఆరో వంతు.

ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూశాక నా కోపం కారు మీద నుంచి పూర్తిగా నీ మీదికి మళ్లింది. పొడుగు సెడాన్‌కు చక్రాల మధ్య దూరం 3.1 మీటర్లు. ఆ పుస్తకం ప్రకారం కట్టిన దిమ్మ 3.7 మీటర్లు. అంటే బండి మధ్యకు వచ్చేసరికి నాలుగు చక్రాలూ దిమ్మ మీదే ఉంటాయి, చక్రాలతో పాటు బండీ లేస్తుంది. లెక్క కడితే చక్రాల మట్టం కంటే దిమ్మ నడినెత్తి ఎత్తయ్యేది ఏడు సెంటీమీటర్లే. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టినా ఏ సెడానైనా దాన్ని అడుగు తగలకుండా దాటుతుంది. నీ దగ్గర అలా కాదు. ముందు చక్రాలు నిన్ను దాటి కిందికి దిగిపోతాయి, వెనకవి ఇంకా నీ దాకా రావు. నాలుగూ చదునైన రోడ్డు మీదే ఉంటాయి, నీ ఆరంగుళాలూ నేరుగా బండి కడుపు కిందికి వస్తాయి. అంటే సెడాన్లు మన రోడ్లకు పనికిరావని జనం అనుకునే మాటలో తప్పు సెడాన్లది కాదు. నీలాంటివాటిది.

కొలతల సంగతి అలా ఉంచు. నువ్వు చేయాల్సిన పనైనా చేయడం లేదు. 1970ల మొదట్లో బ్రిటన్ రవాణా, రోడ్ల పరిశోధనశాలలో వాట్స్ అనే పరిశోధకుడు రకరకాల దిమ్మల మీద బండ్లు నడిపించి చూశాడు. సన్నటి దిమ్మ మీద మెల్లగా వెళ్తే కుదుపు ఎక్కువ. వేగంగా వెళ్తే ఆ దెబ్బ టైర్లలో, స్ప్రింగుల్లోనే ఇంకిపోయి లోపలివాళ్లకు తక్కువ తగులుతుంది. పన్నెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు ఉన్న దిమ్మ మీద అలా కాదు, వేగం పెరిగేకొద్దీ కుదుపు పెరుగుతుంది. మన ఐఆర్‌సీ 1988 పుస్తకంలో ఉన్నవీ అవే కొలతలు. మంచి దిమ్మ దూకుడుగా వచ్చేవాణ్ని కుదిపి, నెమ్మదిగా వచ్చేవాణ్ని వదిలేస్తుంది. నువ్వు బ్రేకు వేసి జాగ్రత్తగా వచ్చినవాణ్ని కుదిపేసి, ఎగిరి దాటే ట్యాంకర్‌ను వదిలేస్తున్నావు. మురుగు కాలువ పక్కన నీ అంచుకూ గోడకూ మధ్య మిగిలిన కాస్త సందులోంచి కుర్రాళ్ల బైకులు అసలు ఆగకుండానే దూరిపోతున్నాయి.

ఖరీదైన కారు కొనేవాడి గోడు ఎవరికి కావాలని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా బావగారు ఇంకో బండి కొనుక్కోగలరు. స్కూటర్ మీద భర్త వెనక ఒక పక్కకు తిరిగి కూర్చున్న ఆడమనిషికి ఆ వీలు లేదు. రంగు లేని, దీపం లేని నిన్ను రాత్రిపూట చూడకుండా ఎక్కిస్తే ఆమెకు పట్టుకోవడానికి ఏముంటుంది? నెలలు నిండిన గర్భిణిని ఆస్పత్రికి తీసుకెళ్లే ఆటో, తుంటి ఎముక విరిగిన ముసలాయనను తెచ్చే అంబులెన్స్ కూడా నీ మీది నుంచే పోవాలి. సెడాన్ అడుగు గీసుకుంటే ప్లాస్టిక్ తొడుగు మార్చుకోవచ్చు. వెన్నుపూసకు అలాంటి వెసులుబాటు ఉండదు.

కారు సంగతికే వస్తే, దెబ్బ ప్లాస్టిక్‌తోనే ఆగుతుందనీ చెప్పలేం. ఆయిల్ చాంబర్‌కు తగిలి ఆయిల్ కారిపోతుంటే, తెలియక అలాగే నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకోకపోతే ఆ నష్టాన్ని మామూలు పాలసీ భరించదు. ఎలక్ట్రిక్ సెడాన్లలోనైతే అడుగున ఉండేది బండి మొత్తంలోనే ఖరీదైన బ్యాటరీ. ఎస్-క్లాస్, 7 సిరీస్ లాంటి కోటిన్నర దాటిన బండ్లకు ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది, బటన్ నొక్కితే కొంచెం పైకి లేస్తాయి. నీ కోసం అంత దూరం వెళ్లమని ఎవరికి చెప్పగలం?

నువ్వు ఎందుకు పుట్టావో నాకు తెలుసు. ఆ మలుపులో ఒక పిల్లవాడికి నీళ్ల ట్యాంకర్ తగిలింది. బతికాడు. ఆ వారమే, పక్క ఇంటి స్లాబుకు పోయగా మిగిలిన కాంక్రీటుతో మేస్త్రీ నిన్ను పోశాడు. కాలనీవాళ్లంతా దగ్గరుండి పోయించారు. ఆ తల్లుల భయాన్ని నేను తక్కువ చేయను. మా వీధి పిల్లలు ఇప్పటికీ ఆ రోడ్డు మీదే క్రికెట్ ఆడతారు. ఆ మలుపులో దిమ్మ ఉండాల్సిందే. సరైన కొలతలతో ఉండాలన్నదే నా గొడవ.

నువ్వు చేస్తున్న అన్నిటికంటే పెద్ద హాని ఇప్పుడు చెబుతాను. నిన్ను దాటలేక మా కాలనీలో సెడాన్లు ఒక్కొక్కటే అమ్ముడైపోయి, వాటి స్థానంలో పెద్ద ఎస్‌యూవీలు వస్తున్నాయి. ఆ బండ్ల బోనెట్ ఎత్తు ఎక్కువ. బోనెట్ ముందు ఐదేళ్ల పిల్లవాడు నిలబడితే డ్రైవర్‌కు కనిపించడం కష్టం. తగిలితే దెబ్బ కాళ్లకు కాదు, నేరుగా ఛాతీకి, తలకు తగులుతుంది. అమెరికాలో ఐఐహెచ్ఎస్ అనే రోడ్డు భద్రతా సంస్థ 2023లో పాదచారుల ప్రమాదాలను పరిశీలించింది. బోనెట్ నలభై అంగుళాల కంటే ఎత్తున్న బండ్లు, ముప్పై అంగుళాల లోపే ఉండి ముందుకు వాలిన బోనెట్ ఉన్న బండ్ల కంటే, పాదచారి ప్రాణం తీసే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేల్చింది. పిల్లల్ని కాపాడాలని పోసిన నువ్వు, పిల్లలు కనిపించని బండ్లను ఇంటింటికీ తెస్తున్నావు. ఇది తెలిశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

బావగారికి నా సలహా మారలేదు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, దాని మీద గంటకు 120 కిలోమీటర్ల దాకా వెళ్లవచ్చు. ఆ వేగంలో లేన్ మారినా, మలుపు తిరిగినా రోడ్డుకు దగ్గరగా ఉండే సెడాన్ అంతగా ఊగదు, వెనకున్న మనిషి నడుం అలసిపోదు. ఎత్తు బండిలో ఎన్ని హంగులు పెట్టినా ఆ నిలకడ రాదు. నీ రెండడుగుల కోసం ఆ సుఖాన్ని వదులుకోవద్దని చెప్పాను. బుకింగ్ ఇంకా ఇవ్వలేదు. ముందు నీ సంగతి తేల్చాలనుకున్నాం.

ఇక నిన్ను కట్టినవాళ్లకూ, ఇలాంటి దిమ్మలున్న ప్రతి కాలనీ సంక్షేమ సంఘానికీ నా విన్నపం. సొంతంగా కాంక్రీటు పోయకండి. మున్సిపాలిటీకి, ట్రాఫిక్ పోలీసులకు అర్జీ పెట్టి, ఐఆర్‌సీ-99 కొలతలతో కట్టమని రాతపూర్వకంగా అడగండి. ఎత్తు నాలుగంగుళాలు, వెడల్పు పన్నెండడుగులు. మీద నలుపు తెలుపు పట్టీలు, నలభై మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు. ఒకే రోడ్డు మీద వరసగా కావాలంటే ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య 100 నుంచి 120 మీటర్ల దూరం. కట్టిన రోజున టేపు పట్టుకుని మీరే కొలవండి. బిల్లు పాస్ కాకముందే కొలవండి. పాతదాన్ని పగలగొట్టకుండా దాని మీదే తారు పోస్తామంటే ఒప్పుకోవద్దు, అది ఇంకో రెండంగుళాలు లేస్తుంది.

మా కాలనీ తరఫున ఆ అర్జీ రాశాను. బావగారు, అక్క, కింది వాటాలో ఉండే ఆటో డ్రైవర్, ట్యాంకర్ తగిలిన ఆ పిల్లవాడి తల్లి సంతకాలు పెట్టారు. మిగతా ఇళ్లవాళ్లు ఈ ఆదివారం కమ్యూనిటీ హాల్‌కు వచ్చి సంతకం చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఆ మలుపు దాటి రోజూ ఇంటికి చేరే ఒక కాలనీవాసి