స్పోర్ట్స్ కారు కావాలా? రిమ్ములు మార్చండి చాలు!

మన దగ్గర స్పోర్ట్స్ కారు తయారు చేయడానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు. మామూలు హ్యాచ్‌బ్యాక్ ఒకటి, క్రెడిట్ కార్డు ఒకటి, రోడ్డు పక్కన అల్లాయ్స్ షాపు ఒకటి ఉంటే సరి. పొద్దున పదింటికి స్విఫ్ట్‌గా లోపలికెళ్ళిన బండి భోజనాల వేళకి లంబోర్గినీకి మేనల్లుడై బయటికొస్తుంది. ఇంజను అదే, బ్రేకులు అవే, ఈఎంఐ కూడా అదే. 15 అంగుళాల చక్రం పోయి 18 అంగుళాలది వచ్చిందంతే. ఆ మూడంగుళాల్లోనే ఉందట వేగమంతా!

ఈ విద్యకి గురువులు షాపుల్లోనే ఉంటారు. వాళ్ళ దగ్గర లేని సమాధానం లేదు.

"పదిహేనేందన్నా, ఎవరన్నా చూస్తే నవ్వుతరు. పద్దెనిమిది ఏస్కో, బండి రోడ్డుకి అతుక్కుంటది."

"మడ్‌గార్డుకి తగలదా?"

"తగిల్తే లోపల అంచు జర మడతపెడ్తం."

"మన బండికి సరిపోతాయా?"

"ఎనిమిది బొక్కలున్నయ్ కదన్నా, ఏ బండికైనా సరిపోతయ్."

ఎనిమిది బొక్కలున్న రిమ్ము ఎవరి కారు కోసమూ పుట్టలేదని అప్పుడు అనబుద్ధి కాదు. ఎందుకంటే ఆ పాటికి ఒక రిమ్ముని బండి పక్కన ఆనించి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేసి ఉంటాం. పన్నెండు నిప్పు ఎమోజీలు వచ్చి పడి ఉంటాయి కూడా.

టైరు మీద అంకెలు జాతకచక్రమేం కాదు, ఆరో తరగతి లెక్క. స్విఫ్ట్ పై వేరియంట్లకి కంపెనీ ఇచ్చే టైరు 185/65 ఆర్15. టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు. అందులో 65 శాతం, అంటే 120 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు. లోపలి రిమ్ము 15 అంగుళాలు. చక్రం బయటి కొలత దాదాపు మారకుండా 18 అంగుళాల రిమ్ము ఎక్కించాలంటే 215/35 ఆర్18 లాంటిది వేయాలి. దాని సైడ్‌వాల్ 75 మిల్లీమీటర్లే. చుట్టూ నాలుగున్నర సెంటీమీటర్ల గాలినీ రబ్బరునీ తీసేసి ఆ చోట ఇనుము లాంటి అల్యూమినియం పెట్టించుకున్నామన్న మాట, అదీ మన డబ్బులతో. గుంతలో పడ్డప్పుడు దెబ్బ కాసేది ఆ గాలే. వానాకాలం వెళ్ళేసరికి రిమ్ము అంచు వంకర పోతుంది, లేదా లోపలి దారాలు తెగి సైడ్‌వాల్ మీద బుడిపె లేస్తుంది. బుడిపె లేచిన టైరుకి పంక్చరు షాపులో వైద్యం లేదు. పారెయ్యడమే.

ఇంకో ముచ్చట. కంపెనీ టైరు మీద సాధారణంగా ఉండే లోడ్ ఇండెక్స్ 88, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. 215/35 ఆర్18 టైర్ల మీద సాధారణంగా కనిపించేది 84, అంటే 500 కిలోలు. చూపులకి పహిల్వాను, మోతకి మాత్రం మునుపటివాడి కంటే అరవై కిలోలు తక్కువ. సంక్రాంతికి అత్త మామల్నీ, సామాన్నీ ఎక్కించుకుని ఊరెళ్ళే బండికి తగ్గించాల్సింది ఇదేనా?

అసలు స్పోర్ట్స్ కార్లు తయారు చేసేవాళ్ళు ఏం చేశారో చూస్తే మన కుర్రాళ్ళకి గుండె ఆగుతుంది. 1989లో మాజ్దా ఎంఎక్స్-5 వచ్చింది. మలుపుల్లో నడిపే సుఖానికి ఈనాటికీ అందరూ పేరు చెప్పుకునే రెండు సీట్ల కారు. దానికిచ్చిన టైరు 185/60 ఆర్14. అవును, పద్నాలుగే! అమెరికాలో ఆ కార్లతోనే ఆడే స్పెక్ మియాటా పందేల్లో వాడేది 15 అంగుళాల రిమ్ము, 205/50 టైరు. రోజంతా గెలవడం గురించే ఆలోచించేవాళ్ళు ఒక్క అంగుళం దగ్గర ఆగిపోయారు. పాపం, వాళ్ళకి మన షాపు అడ్రసు తెలియదు.

2012లో వచ్చిన టయోటా 86 సంగతి ఇంకా ఘోరం. తెత్సుయా తాదా అనే చీఫ్ ఇంజనీరు దానికి 215/45 ఆర్17 టైర్లు ఇచ్చాడు. పెట్రోలు ఆదాకి పేరుపడ్డ ప్రియస్‌కి వచ్చే రకం మిషెలిన్ ప్రైమసీ టైర్లే. పట్టు తక్కువుంటే మామూలు వేగంలోనే బండి జారుతుంది, నడిపేవాడికి ఆ జారుడులో ఆనందం దొరుకుతుందని ఆయన లెక్క. చవకబారుతనం కాదు, కోరి చేసిన పని. ఇక ఒక తరం గోడలకి పోస్టరై వేలాడిన లంబోర్గినీ కౌంటాష్ ఉంది కదా, 1978 నాటి ఎల్‌పీ400 ఎస్ మోడల్‌కి వెనక టైరు 345/35 ఆర్15. వెడల్పు అడుగు పైమాటే, రిమ్ము కొలత మాత్రం మన స్విఫ్ట్‌దే!

"మరి పోర్షా 911కి వెనక 20 అంగుళాలు కదా?" అంటారు. కదా మరి. 992 తరం కరేరాకి ముందు 235/40 ఆర్19, వెనక 295/35 ఆర్20. వెనక లావెందుకంటే ఇంజను వెనక కూర్చుంది, తోసేదీ వెనక చక్రాలే. రిమ్ము పెద్దదెందుకంటే లోపల 330 మిల్లీమీటర్ల బ్రేకు డిస్కు ఉంది. సరిగ్గా 13 అంగుళాలు. డిస్కే అంత ఉంటే రిమ్ము దానికి ఇల్లవ్వాలి కదా. మనవాళ్ళ 18 అంగుళాల రిమ్ము పుల్లల సందులోంచి తొంగి చూడండి, విస్తరాకు మధ్యలో ఒంటరిగా వేసిన అప్పడంలా కంపెనీ డిస్కు కనిపిస్తుంది. వెనకైతే అదీ లేదు, డ్రమ్ము!

ఫార్ములా వన్ పేరు కూడా ఎత్తుతారు. 2022లో అక్కడా 18 అంగుళాలు వచ్చిన మాట నిజమే. అంతకుముందు దశాబ్దాల పాటు, 2021 దాకా, 13 అంగుళాల రిమ్ముల మీదే ప్రపంచంలోకెల్లా వేగంగా తిరిగారు. మార్చినప్పుడు సస్పెన్షనంతా కొత్తగా గీసుకున్నారు, చక్రం బరువెక్కిందని గొణుక్కున్నారు కూడా. వాళ్ళ ట్రాకులో మ్యాన్‌హోలు మూత పైకి లేచి ఉంటే ప్రాక్టీసే ఆగిపోతుంది. మనకి అది మైలురాయి.

కొలత సరిపోయినంత మాత్రాన కథ అయిపోదు. స్విఫ్ట్ హబ్బు 54.1 మిల్లీమీటర్లు. అందరికీ పట్టాలని చేసిన రిమ్ము మధ్య రంధ్రం చాలాసార్లు 73.1. మధ్యలో హబ్ రింగు వేయకపోతే చక్రం కాస్త పక్కకి కూర్చుంటుంది, హైవే ఎక్కగానే స్టీరింగు వణుకుతుంది. "అలైన్‌మెంట్ చేయిద్దామన్నా" అంటాడు గురువు. ఆఫ్‌సెట్ తగ్గించి, స్పేసర్లు వేసి చక్రాన్ని బయటికి లాగితే బేరింగు మీద భారం పెరుగుతుంది, ప్రతి గుంతా స్టీరింగుని ఓ పక్కకి గుంజుతుంది. టైరు బయటి కొలత ఐదు శాతం పెంచితే, సరిగ్గా పనిచేసే మీటరు 100 చూపిస్తుండగా బండి 105లో పోతుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీది కెమెరా మన మీటరు చూసి చలానా వేయదు.

అయినా కొత్త రిమ్ములేసిన ఏ ఒక్కరూ బండి బరువెక్కిందనీ, పికప్ తగ్గిందనీ, నడుం పట్టేసిందనీ ఒప్పుకోరు. "స్టిఫ్‌గా ఉందిరా, యూరోపియన్ ఫీల్" అంటారు. నొప్పికి ఇంత ఖరీదైన పేరు పెట్టిన ఘనత మనదే.

నిజంగా బండి బాగా తిరగాలనుకునేవాడికి దారి లేక కాదు. అదే కొలతలో మంచి రబ్బరున్న టైరు కొనుక్కోవచ్చు. వీలైతే తేలికపాటి రిమ్ము వేసుకోవచ్చు. మహా అయితే ఒక్క అంగుళం పెంచి 195/55 ఆర్16 వేస్తే బయటి కొలత దాదాపు మిల్లీమీటరు కూడా తేడా రాదు. గాలి ఎంత కొట్టాలో, ఏ సైజు వేయాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద కంపెనీ ఇంజనీర్లే రాసి పెట్టారు. దాని లోపమల్లా ఒక్కటే: ఫ్రీగా ఇచ్చారు. ఆ స్టిక్కరునే ఏసీ షోరూములో గాజు పెట్టెలో పెట్టి, ఇరవై వేలు కన్సల్టేషన్ ఫీజని బోర్డు కడితే, రేపటి నుంచి క్యూ కట్టి మరీ చదువుతారు.